ఉప్పుగాలి తప్పేం లేదు

చిల్లకూరు

అక్కకు వసుధ నమస్కారాలు. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? పాపకు జ్వరం తగ్గిందా? నేను కులాసా అని ప్రతిసారీ మొదటి మాటగా రాసేదాన్ని, ఈసారి అక్కడే కలం ఆగింది. కంగారుపడకు. లేచి తిరుగుతున్నాను, వండుకు తింటున్నాను. ఫోనులో చెబితే సగంలోనే ఏడుపు మొదలుపెడతావని రాస్తున్నాను.

మదనపల్లె వదిలి ఇక్కడికొచ్చినప్పటి నుంచీ నా తుమ్ములు, ఆయాసం సంగతి నీకు తెలిసిందే. సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలి పడలేదనుకున్నాం. ఆదివారాలు కాస్త తెరిపిగా ఉంటే సెలవు సంతోషం అనుకునేదాన్ని.

మా తోటలో కీరదోస, బుంగమిరప అంతా ప్లాస్టిక్ కప్పు కింద పెంచుతారు. లోపల గాలి కదలదు. ఆకుల అడుగున ఎర్రనల్లి అనే సన్న పురుగు పడుతుంది. కారప్పొడి చల్లినట్టుంటుంది, కాసేపు చూస్తే ఆ కారం కదులుతుంది. ఆడవాళ్లు ఆ ఆకులు దూసి గోతాల్లో కుక్కుతారు, నేను పక్కనుండి చేయిస్తాను.

వాళ్లలో కావేరికి నాకన్నా ఎక్కువ ఉబ్బసం. పులికాట్ సరస్సు పక్క ఊళ్లో చేపలు పట్టేవాళ్ల కోడలు. ఆమె ఒంటికి చేప పడటం లేదని ఎవరో చెబితే రెండేళ్లుగా నోట పెట్టలేదు. "వలేసే ఇంటి కోడలికి చేప పడదంట! రేపు మొగుడూ పడడంటాదేమో" అని అత్త దెప్పుతుందట.

పోయిన వారం ఆమెను చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్లాను. మా పనేమిటో డాక్టరు గుచ్చిగుచ్చి అడిగాడు. ముంజేతి మీద రకరకాల మందు చుక్కలు వేసి సూదితో గుచ్చారు. ఎందుకైనా మంచిదని నేనూ చెయ్యి చాపాను. చేప చుక్క దగ్గర ఇద్దరికీ ఏమీ లేదు. ఎర్రనల్లి చుక్క దగ్గర ఇద్దరికీ దద్దు లేచింది. నాది రూపాయి బిళ్లంత! అక్కా, ఆ నల్లి గురించి చదివి పరీక్షలు రాసినదాన్ని. అది మొక్కకు తెగులు అనే చదివాను. మనిషి ఊపిరికి అడ్డం పడుతుందని అనుకోనేలేదు. ఇప్పటికీ సగం నమ్మకం, సగం అనుమానం.

"అంటే చేప కాదా మేడం? రెండేళ్లు పప్పుచారు పోసి నన్ను చంపినారు గదా!" అని కావేరి పడీపడీ నవ్వింది. రైలెక్కాక మాత్రం, "చేప తినొచ్చు, సరే. అది కొనాలంటే మళ్లా ఈ పనికే పోవాల గదా" అంది. 

మర్నాడు యజమానికి చెప్పాను. "చేపల కంపులో పెరిగినోళ్లకి దగ్గు రాకుండా ఉంటాదా? పురుగుతో మనిషికి ఉబ్బసమేందమ్మా! పని ఎగ్గొట్టే సాకులు" అన్నాడు.

చేయి ముందుకు చాపాను. దద్దు అణిగిపోయినా, నర్సు దాని చుట్టూ పెన్నుతో గీసిన గీత అలాగే ఉంది. "నేను మదనపల్లెలో పుట్టానండీ. నేను ఏ చేపల కంపులో పెరిగాను?" అన్నాను.  కావేరిని కాయలు పెట్టెలకెత్తే షెడ్డుకు మార్చాడు. నా సంగతి ఆలోచిస్తానన్నాడు.

కావేరి అందరికీ చెప్పినట్టుంది, ఇవాళ పొద్దున పనిలోకి దిగకముందే ఆడవాళ్లు నా చుట్టూ మూగారు. "నాది పొయ్యి పొగ అనుకుంటి మేడం." "నాది ఆ మిరపపూత వాసనని..." "నాకు వయసైపోయిందనుకున్నా, మే" అని ఒకామె పక్కనున్నామెతో అంటోంది. ఆమెకు నా వయసు కూడా లేదక్కా. ఇన్నాళ్లూ ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని తిట్టుకుంటూ అదే కప్పు కింద ఊపిరి లాక్కుంటున్నారు.

మంచి మాస్కులు వచ్చేదాకా ఎవరూ ఆకు దూయొద్దని చెప్పేశాను. యజమానిని అడగలేదు. ఆయన సాయంత్రం వస్తాడు. తొందరపడ్డానేమో.

పనిబట్టలు ఇంటికి తేవొద్దని డాక్టరు చెప్పాడు. నీ పాత నూలు చీరలుంటే పంపు, అందరికీ పనిలో పైన తొడుక్కుని అక్కడే విప్పేసే చొక్కాలు కుట్టిస్తాను. నేను బాగానే ఉన్నాను, నమ్ము. పెద్దమ్మకు, బావగారికి నా నమస్కారాలు, పాపకు ముద్దులు. మా అందరికీ పనీ ఊపిరీ రెండూ నిలిచేలా దీవించు.

నీ చెల్లెలు
వసుధ