ఖదీర్ భాయ్ కన్ను

మంగళవారం

ఈరోజు నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా రాయాలి.

శాలిబండలో కళ్లకు పెట్టుకునే సుర్మా పొడి చేసే మా కార్ఖానాలో మెషీన్ నడిపేది నేనే. అందులో రాయి పొడిని గాలి పైకి లేపుతుంది. పైన గిర్రున తిరిగే చక్రం బరక రేణువుల్ని కిందికి నెట్టేస్తుంది. మెత్తటి పొడి మాత్రం గాలితో పాటు చక్రాన్ని దాటి అవతలి డబ్బాలో పడుతుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే పొడి అంత మెత్తగా వస్తుంది, పని మాత్రం అంత నిదానం. తొందరగా ఇంటికి పోవచ్చని ఈరోజు వేగం తగ్గించాను.

ఖదీర్ భాయ్ నలభై ఏళ్లు చేత్తో సుర్మా నూరిన మనిషి. ప్రతి వాయినీ ముందు తన కంట్లో పెట్టుకుని చూస్తాడు. ఆయన సరేనంటేనే సీసాలకు సీలు. ఈరోజు పుల్లతో పెట్టుకోగానే కన్ను ఎర్రబడి నీళ్లు కారాయి.

"చక్రం స్పీడ్ తక్కువ జేసినవా?" అని అడిగాడు.

"లేదు భాయ్, రోజు లెక్కనే ఉంది."

చాలాసేపు రుమాలుతో కన్ను ఒత్తుకుంటూ కూర్చున్నాడు.

"అయితే నా కన్నే ఖరాబైంది బేటా. ముసలోణ్ని అయిన. రేపటి సంది నువ్వే చూడు."

పుల్ల నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. సీలు కూడా నేనే వేశాను.

ఆ సీసాలు పొద్దున దుకాణాలకు పోతాయి. వాటిని ఆపాలంటే ఆయన కన్ను బాగానే ఉందని చెప్పాలి…