తోడు చుక్క

ఫిబ్రవరి 9

గుండూ,

మీ బండి ఆ గ్రహం మీద దిగింది. టీవీలో చూపించారు. గదినిండా మనుషులు లేచి చప్పట్లు కొట్టారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. నీ పక్కసీటు పిల్ల, ఆ పొడుగమ్మాయి కనిపించింది. ఏడుస్తోంది. నాకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. రేపటికి షాపువాడికి షర్టులు ఇవ్వాలి.

మీ నాన్న నిలబడే చూశాడు. అయిపోయాక వ్యాన్ కడగాలని కిందికి పోయాడు. పొద్దున కడిగిన వ్యానే అది.

ఆ బండి ఇక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు నువ్వున్నావు. అది దారిలో ఉండగా పోయావు. బస్‌స్టాప్‌లో, తలలో నరం చిట్లిందన్నారు. ఇంతకంటే రాయను.

ఈ డైరీ నీదే. మీ ఆఫీసులో ఇచ్చారు, నువ్వు ఒక్క పేజీ కూడా రాయలేదు. నేను ఏడో క్లాసుతో ఆపేసినదాన్ని. తప్పులుంటాయి. ఉండనీ.

ఫిబ్రవరి 10

మీ అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే తుడిచే పని అనేదాన్ని. నీకు ఒళ్ళు మండేది. నేను తుడిచేది శుభ్రం చేయడానికి కాదమ్మా, శుభ్రంగా ఉందో లేదో చూడటానికి అనేదానివి. తడి దూదితో ఆ బండిని మూలమూలలా తుడిచి, ఆ దూదిని గాజు మూతల్లో దాచి, ఏమైనా మొలుస్తుందేమో చూడటం. ఏం మొలవాలే అన్నాను. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి పాలగిన్నె చూపించావు. ఇందులో తోడు చుక్క పడితే ఏమవుతుంది? పెరుగవుతుంది. ఎవరు చేశారు, పాలా, చుక్కా? చుక్క. అంతే అమ్మా, ఆ గ్రహం మీద మట్టిలో ప్రాణం ఉందేమో చూడటానికి బండిని పంపుతున్నాం, మనమే ఇక్కణ్ణుంచి తోడు వేసుకెళితే ఇంక చూసేదేముంటుంది అన్నావు.

మీ నాన్న గుమ్మంలోంచి, అయితే నువ్వు టికెట్ కలెక్టరువన్నమాట, దొంగ ప్రయాణికుల్ని దింపేస్తావు అన్నాడు. మీ బండి ఎంత స్పీడు పోతుందే అన్నాడు. చీమతో పందెం వేస్తే చీమే గెలుస్తుంది నాన్నా అన్నావు. ఆయన ఆ మాట వ్యాన్‌లో స్కూలు పిల్లలందరికీ చెప్పి నవ్వించాడు.

నేనేమో, పోనీలే పాపం, ఒక్క ప్రాణి అంత దూరం వెళితే ఏం పోయిందే అన్నాను. నా ఉద్యోగం పోతుంది అన్నావు.

ఫిబ్రవరి 13

నీలం షర్టుకి తెల్లదారం వేశాను. షాపువాడు చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 21

పొడుగమ్మాయి వచ్చింది. ముందు నీళ్ళు తాగింది. తర్వాత ఇది ఎవరికీ చెప్పకూడదు ఆంటీ అంది. ఎవరికి చెబుతానమ్మా, కుట్టుమెషిన్‌కా అన్నాను.

బండి అక్కడి మట్టిని తన కడుపులో ఉన్న చిన్న గిన్నెలోకి తీసుకుందట. మీరు ఇక్కణ్ణుంచి పంపిన ఆహారం ఒక చుక్క వేసిందట. ఉత్త మట్టైతే ఊరుకోవాలి. ఇది ఊరుకోలేదు. ఏదో గాలి వదిలింది. ఊపిరి వదిలినట్టు ఆంటీ అంది. అనేసి, అలా అనకూడదులెండి, సారు తిడతారు అంది.

మంచిదే కదమ్మా అన్నాను.

ఆ ఊపిరి అక్కడి వాళ్ళదో, ఇక్కణ్ణుంచి మనం మోసుకుపోయిన క్రిములదో తెలియాలట. బండి కట్టిన చివరి రోజుల్లో లోపల పనిచేసిన వాళ్ళందరి చేతులూ తుడిచి, ఆ క్రిములకి అదే ఆహారం పెట్టి చూస్తున్నారట. అందరివీ అయిపోయాయి. ఒక్కళ్ళవే మిగిలాయి. ఆ గిన్నె లోపలంతా ఆఖరుసారి చూసి, మూత పెట్టి, సంతకం చేసింది నువ్వు.

తను వాడినవి ఏమైనా కడక్కుండా ఉన్నాయా ఆంటీ, దువ్వెన, స్వెటర్, ఏదైనా, అంది.

కడగలేదమ్మా, కానీ అన్నీ నేనే వాడుతున్నాను అన్నాను. నీ దువ్వెనతోనే దువ్వుకుంటున్నాను. నీ స్వెటర్ వేసుకునే పడుకుంటున్నాను. నీ చెప్పులు కూడా, వేలు బయటికొచ్చినా సరే.

పొడుగమ్మాయి ముఖం పడిపోయింది. అయితే మీరు కూడా అందులో కలిసిపోయారు ఆంటీ అంది.

అదే రోజు, సాయంత్రం

మీ నాన్నకి చెప్పాను. ఇవ్వద్దు అన్నాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క పరీక్ష తప్పలేదు, పోయిన పిల్లకి ఇప్పుడు పరీక్ష పెట్టి ఫెయిల్ చేస్తారా అన్నాడు. అది నీదే అని తేలితే పేపర్లో నీ పేరు వేస్తారట, ఈ పిల్ల వల్ల అంతా బూడిదలో పోసినట్టయింది అంటారట. చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చున్నాడు.

నేను వేరేది ఆలోచిస్తున్నాను. అది నీదే అయితే, నీ ఒంటి మీద పుట్టింది ఒకటి బతికి ఉన్నట్టే కదా. ఆకలై తిన్నట్టే కదా.

ఆయనకి చెప్పలేదు.

ఫిబ్రవరి 24

పొడుగమ్మాయి ఫోన్ చేసింది. బలవంతం లేదు ఆంటీ అంది. ఇవ్వకపోతే ఏమవుతుందమ్మా అన్నాను. ఏమీ కాదు, ఆ గిన్నెలో ఎప్పుడు ఏం కనిపించినా పక్కన మీ అమ్మాయి పేరు, ఒక ప్రశ్న గుర్తు ఉంటాయి అంది.

దువ్వెన, స్వెటర్ కవర్లో పెట్టాను. మీ నాన్న చూశాడు. కాసేపటికి, ఎల్లుండి వ్యాన్‌లో తీసుకెళతాను అన్నాడు.

ఫిబ్రవరి 26

మీ ల్యాబ్‌కి వెళ్ళాం. ఇన్నాళ్ళూ గేటు దగ్గర క్యారేజీ ఇచ్చి వచ్చేయడమే, లోపలికి వెళ్ళడం ఇదే. గుమ్మంలో జిగురు చాప ఉంది. అడుగు పెడితే చెప్పుల దుమ్మంతా లాగేసుకుంటుంది. మీ నాన్న చెప్పు ఒకటి దానికే ఉండిపోయింది. నీ లాకరు మీద ఇంకెవరిదో పేరు ఉంది.

నన్ను కూడా తుడవాలన్నారు. దువ్వెనలో నావి ఏవో తెలిస్తే, వాటిని తీసేయగా మిగిలినవి నీవట. అరచెయ్యి, వేళ్ళ సందులు, చెవుల వెనక, మెడ. నీకు స్నానం చేయించి నేను తుడిచే చోట్లే అన్నీ. చెవి వెనక చక్కిలిగింత పుట్టి నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. అందరూ నా వంక చూశారు.

పెద్దసారు లేచి కుర్చీ లాగి వేశాడు. మీకు ఎలా తేలాలని ఉంది సార్ అని అడిగాను. ఎలా తేలినా ఒకటే అని చెప్పాలమ్మా మేము అన్నాడు. అంతలోనే, అబద్ధం అన్నాడు, అది అక్కడిదే కావాలి, నా వయసంతా దీనికే ధారపోశాను అన్నాడు. మరి మీకు, అన్నాడు.

మా అమ్మాయి తప్పు చేసి ఉండాలి సార్ అన్నాను.

మీ నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. పొడుగమ్మాయి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఒక్క చోట తుడవకుండా వదిలేసి ఉండాలి, అక్కడ ఉన్నది దానిదే కావాలి అన్నాను. గొంతు మామూలుగానే ఉంది. రెండు మీటర్ల గుడ్డ కావాలన్నట్టు అడిగాను.

ఏం తేలినా ముందు మీకే చెబుతానమ్మా అన్నాడు సారు.

దారిలో మీ నాన్న, దాని పరువు తీశావు అన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చలైటు పడింది, ఆయన కదల్లేదు, వెనకవాళ్ళు హారన్లు మోగించారు. నాకూ అదే కావాలే అన్నాడు. అప్పుడు గేరు వేశాడు.

మార్చి 6

నీవి మొలిచాయట. నావీ మొలిచాయట. ఏవి ఎవరివో విడదీయలేకపోతున్నాం, ఒకే ఇల్లు, ఒకే చేతి వంట కదా, దాదాపు ఒకటే రకం ఆంటీ అంది పొడుగమ్మాయి. అన్నీ కలిపే పెట్టి చూస్తారట.

ఏం చేస్తున్నాయమ్మా ఇప్పుడు అని అడిగాను. తింటున్నాయి ఆంటీ అంది.

మార్చి 7

ఇవాళ రెండుసార్లు చేతులు కడుక్కోబోయి మానేశాను.

మార్చి 19

పెద్దసారే ఫోన్ చేశాడు. మనవి గబగబా తిని, ఊపిరి వదిలి, అక్కడున్నంత చలి పెట్టగానే చచ్చిపోయాయట. అక్కడిది ఆ చలిలోనే మెల్లగా వదులుతూ ఉందట, ఇంకా వదులుతోందట. ప్రాణమే అని ఇప్పుడే అనకూడదు, మట్టి కూడా కొన్నిసార్లు అలా మోసం చేస్తుంది అన్నాడు. కానీ మన ఇంటిది కాదు, అది ఖాయం అన్నాడు. మీ అమ్మాయి గిన్నెని ఎంత శుభ్రంగా పంపిందంటే, మేం ఏం చెప్పినా లోకం నమ్మి తీరాలమ్మా అన్నాడు.

చాలా సంతోషం సార్ అన్నాను.

మీ నాన్న పక్కింటికి వెళ్ళి మా పిల్ల పాసైంది అని చెప్పి వచ్చాడు. ఏం పరీక్ష అని వాళ్ళు అడిగారట. రహస్యం అన్నాడట. వచ్చి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

అయితే నువ్వు అక్కడ లేవు. ఎక్కడా ఒక్క మచ్చ కూడా మిగల్చకుండా తుడిచేసుకుని పోయావు. నీ పని నువ్వు చేశావు, నేనేం అనను. ఆరు షర్టులు మిగిలి ఉంటే కుట్టేశాను. ఈసారి దారం రంగు కలిసింది.

మార్చి 21

టెస్ట్ అయిపోయింది కదా, చలి పెట్టకుండా గాజు మూతల్లో మిగిల్చినవన్నీ ఆవిరిలో ఉడికించి పారేయాలట. రూలు. ముందు ఒకసారి వచ్చి చూస్తారా ఆంటీ అంది పొడుగమ్మాయి. ఇంటికి ఇవ్వరు కదా అన్నాను. ఇవ్వరు అంది. అయితే కానివ్వమ్మా అన్నాను.

మధ్యాహ్నానికి ఉడికించేశారట.

మార్చి 27

రేపు అక్కడ గిన్నెలోని మట్టికి ఆహారం రెండో చుక్క వేస్తారట.

ఆ మట్టిలో ఉన్న నువ్వెవరివో నాకు తెలియదు. ఉన్నావో లేదో కూడా ఇంకా తేలలేదన్నారు. ఉంటే మాత్రం భయపడకు. అది మా గుండు చూసిన గిన్నె. కడుపునిండా తిను.