రెండో అటెంప్ట్

ఫిబ్రవరి 10, సోమవారం

సాయంత్రం 6:50కి స్టాటిస్టిక్స్ నాలుగో యూనిట్ క్విజ్ సబ్మిట్ చేశాను. మార్కులు చూడలేదు. ల్యాప్‌టాప్ మూసేశాను. రేపు సాయంత్రం చూస్తాను.

ఇది నా పద్ధతి. పంప్ ఆన్ చేయగానే ప్రెషర్ గేజ్ ముల్లు ఊగుతుంది. ఊగే ముల్లును చూసి రీడింగ్ రాయకూడదు. అది నిలబడాలి. మార్కులూ అంతే. రాసిన వేడిలో చూస్తే, తక్కువొస్తే కుంగిపోతాను, ఎక్కువొస్తే ఎగిరిపడతాను. రెండూ మంచివి కావు.

ఒక్కో క్విజ్‌కి రెండు అటెంప్ట్‌లు ఇస్తారు. ఎక్కువ వచ్చినదే లెక్క, పేజీలో కనిపించేదీ అదే. నాకు ఇప్పటిదాకా రెండోది అవసరం పడలేదు.

నీళ్ళ ప్లాంటులో నాకు ఇరవై ఆరేళ్ళు. చదివింది పదో తరగతి. మిగతాదంతా మిషన్ల పక్కన నిలబడి, వాటితోపాటు వచ్చిన పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. మే నెలలో షిఫ్ట్ ఇన్‌చార్జి రిటైరవుతాడు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఇప్పుడు పన్నెండు కాలేజీ క్రెడిట్లు ఉండాలట. ఆన్‌లైన్‌వైనా చెల్లుతాయట. తొమ్మిది తెచ్చుకున్నాను. ఇవి ఆఖరి మూడు. ఏప్రిల్ నెలాఖరుకి రాకపోతే బయటివాణ్ణి తెస్తామని ఇంజనీరు గారు మొహమాటం లేకుండా చెప్పారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

10:30 నుంచి 12:15 దాకా మూడో ఫిల్టర్ బెడ్ కడిగించాం. ఫోన్ లాకర్లో. చొక్కా అంతా తడిసింది.

సాయంత్రం చూశాను. ఎనభై ఎనిమిది.

పేజీ మూసి మళ్ళీ తెరిచాను. ఎనభై ఎనిమిదే. మా ఆవిడకి చెప్పాను. మంచిదేగా అంది, స్టవ్ వైపు తిరిగి.

ఫిబ్రవరి 12, బుధవారం

తోటి ఆపరేటర్‌కి నోరు మూతపడదు, అందుకే అందరూ రేడియో అంటారు. నా మార్కులు వాడికి చెప్పడం నా తప్పే. మధ్యాహ్నానికి ప్లాంటంతా నన్ను ప్రొఫెసర్ గారూ అంటోంది. ఇన్‌చార్జి అయ్యాక మమ్మల్ని నిలబెట్టి పాఠాలు అడక్కండి బాబూ, ఇంట్లో మా ఆవిడ అడిగేది చాలు అన్నాడు వాడు.

మార్చి 4, మంగళవారం

ఏడో యూనిట్. స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పేది. వీడియో మూడుసార్లు చూశాను. మేడం గబగబా చెప్పుకుపోతుంది. సూత్రం నోటికొచ్చింది గానీ దాని ప్రాణం ఎక్కడుందో దొరకలేదు. 7:15కి సబ్మిట్ చేశాను.

మార్చి 5, బుధవారం

తొంభై రెండు!

మార్చి 7, శుక్రవారం

ఇంజనీరు గారు నెల రోజుల క్లోరిన్ రీడింగులు నా ముందు పెట్టారు. మీకు ఇందులో తొంభై రెండట కదా, ఈ డీవియేషన్ ఎంతో, ఇంత ఉంటే దాని అర్థమేంటో వీళ్ళకి కాస్త చెప్పండి అన్నారు. ఆరుగురు నిలబడి ఉన్నారు. నా నోరు పెగల్లేదు. సార్, ఆయనకి రాతలో వస్తుంది గానీ మాటలో రాదు, పెళ్ళిచూపుల్లో కూడా చీటీ రాసిచ్చారట అన్నాడు రేడియో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దారి పొడుగునా అదే ఆలోచన. రాసినవాడికి రాకుండా ఎలా పోతుంది? కంగారు అయ్యుంటుంది.

మార్చి 20, గురువారం. మధ్యాహ్నం

ఫైనల్‌కి ముందు కాలేజీవాళ్ళు రికార్డు పంపారు. ఏ క్విజ్ ఎప్పుడు రాశామో తేదీ, గంటతో సహా ఉంది. అన్నీ నేనే రాశానని సంతకం పెట్టి 31లోగా తిప్పి పంపాలి. ఆఫీసు ప్రింటర్‌లో తీసుకుని భోజనం బల్ల దగ్గర చదివాను.

యూనిట్ 4. మొదటి అటెంప్ట్: ఫిబ్రవరి 10, సాయంత్రం 6:50. ముప్ఫై ఆరు.
రెండో అటెంప్ట్: ఫిబ్రవరి 11, ఉదయం 11:40. ఎనభై ఎనిమిది.

యూనిట్ 7. మొదటిది: మార్చి 4, సాయంత్రం 7:15. ముప్ఫై ఒకటి.
రెండోది: మార్చి 5, ఉదయం 11:05. తొంభై రెండు.

సిస్టమ్ తప్పేమో అనుకున్నాను. సంచిలోంచి ఈ డైరీ తీశాను. ఫిబ్రవరి 11, 11:40కి నేను ఫిల్టర్ బెడ్‌లో మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాను.

పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఇద్దరం.

అదే రోజు. సాయంత్రం

ఆమె దాచలేదు. అదే ఇంకా మండించింది. కాగితం చూపించగానే, ఓహో, గంటలు కూడా రాసుకుంటారా వాళ్ళు, అచ్చం మీలాగే ఉన్నారే అంది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కూర్చుని చెప్పింది. ముప్ఫై ఆరు చూస్తే మీరు పుస్తకాలు మూట కట్టి అటకెక్కిస్తారు, నాకు తెలీదా, లైసెన్సు టెస్టులో ఒక్కసారి ఫెయిలయ్యారని ఇరవై ఏళ్ళుగా బస్సుల్లో వేలాడుతున్నారు కదా అంది. మీరు ఎలాగూ మర్నాడు సాయంత్రం దాకా చూడరు కదా అని కూడా అంది.

నా పద్ధతి ఆమెకి సందు అయింది.

నీకు అన్ని మార్కులు ఎలా వచ్చాయి అని అడగాల్సింది. అది తట్టలేదు. నన్ను చేతకానివాడని ఎప్పుడు తేల్చావు అని అడిగాను. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నెల పైగా నేను మెడ నిటారుగా పెట్టుకుని తిరిగాను. ఆమె అది రోజూ చూస్తూనే ఉంది.

మార్చి 21, శుక్రవారం

క్యారేజీ మూత తీయలేదు. అలాగే ఇంటికి తెచ్చాను.

మార్చి 23, ఆదివారం

పాత తొమ్మిది క్రెడిట్ల రికార్డులు కూడా తెప్పించుకున్నాను. పొద్దున్నించీ ఈ డైరీలు ముందేసుకుని ఒక్కొక్క గంటా సరిచూశాను. అన్నీ నావే. అవన్నీ మీవేనని ఆమె గురువారమే చెప్పింది. ఆమె మాట మీద నిలబడకుండా వెతికి చూడటం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పక్కగదిలో బట్టలు మడతపెడుతూ నేను కాగితాలు తిప్పే చప్పుడంతా వింది.

మార్చి 25, మంగళవారం

ఎవరో స్నేహితుడి సంగతన్నట్టు కోర్సు మేడంకి మెయిల్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. ఒకరి క్విజ్ వేరొకరు రాసినట్టు తెలిస్తే ఆ కోర్సు రద్దు. ఆ విద్యార్థిని ఏడాదిపాటు ఏ కోర్సులోనూ చేర్చుకోరు. మీ విషయంలో అలాంటిదేమీ లేదు కాబట్టి సంతకం చేసి పంపండి, ఫైనల్‌కి ఆల్ ది బెస్ట్ అంది. మంచి మనిషిలా ఉంది.

మార్చి 26, బుధవారం

కొత్తగా చేరిన ఇద్దరికి రేడియో నా గురించి చెబుతున్నాడు. ఈయన ఉండగా మీటరు చూడకుండా రీడింగు రాశారా, మీ పని గోవిందా అని. నిజమే. ఆరేళ్ళ కింద ఒక ఆపరేటర్ ఎనిమిది గంటల రీడింగులు ఒక్కచోట కూర్చుని రాసేశాడు. ఇంజనీరు గారికి చెప్పింది నేనే. వాణ్ణి తీసేశారు. తర్వాత ఎక్కడ కనిపించినా వాడు తల తిప్పుకుంటాడు.

ఇంటికొచ్చి ఆమెకి అది గుర్తుచేశాను. సంతకం ఎలా పెట్టను, నేనూ వాడూ ఒకటే కాదా అన్నాను. అది ఊరు తాగే నీళ్ళు, తప్పు రాస్తే జనం పోతారు, మీ మార్కులు తాగి ఎవరు చస్తారండీ అంది.

ఆ మాట సగం నిజమైనందుకు కూడా కోపమొచ్చింది.

మార్చి 29, శనివారం

ఏడో యూనిట్ లెక్కలు పుస్తకం మూసి, కాగితం మీద చేశాను. ఈసారి వెంటనే దిద్దుకున్నాను. ముప్ఫై ఎనిమిది. పాస్‌కి నలభై.

ఇన్నాళ్ళూ ఒక చిన్న ఆశ ఉండేది. రెండోసారి రాసుంటే నాకూ వచ్చేవేమోనని.

మార్చి 31, సోమవారం

సంతకం పెట్టలేదు. ఆ రెండు అటెంప్ట్‌లు నావి కావు, మిగతావి నావే అని రాసి పంపాను. ఎవరివో రాయలేదు. ఇంట్లో చెప్పలేదు. ఆమె నాకు చెప్పి చేసిందా?

ఏప్రిల్ 2, బుధవారం

జవాబు నాలుగు లైన్లు. కోర్సు రద్దు. ఏడాది నిషేధం. నిజాయితీకి ధన్యవాదాలు.

క్రెడిట్లు రావడం లేదని మాత్రం ఇంజనీరు గారికి చెప్పాను. అయ్యో, మీ పేరు రాసి పెట్టుకున్నానండీ అన్నారు. ఆ కాగితం తీసి మడిచి డ్రాయర్లో వేశారు. సోమవారం ప్రకటన ఇస్తారట.

రేడియో రోజంతా ఒక్క జోకు వేయలేదు. అది వాడి నోటికంటే కష్టంగా ఉంది.

ఏప్రిల్ 3, గురువారం

చెప్పాను. కాలేజీవాళ్ళ మెయిల్ చదివి వినిపించాను. మెడ మీది బరువు దించుకుంటున్నట్టే చదివాను, అబద్ధమెందుకు. ఇన్‌చార్జి కుర్చీ పోయినందుకు తిడుతుందనుకున్నాను. దానికి సిద్ధంగా ఉన్నాను.

అయితే నా తొంభై రెండు కూడా కొట్టేశారా అంది.

అర్థం కాలేదు. మళ్ళీ అంది. నా ఎనభై ఎనిమిదీ, నా తొంభై రెండూ. ఒక్కమాట అడగకుండా కొట్టేయించారు.

అవి నా పేరు మీదున్నవి అన్నాను. రాసింది నేను అంది. స్కూల్లో ఆఖరి పరీక్ష రాసి ఇరవై తొమ్మిదేళ్ళయింది, మీకది తెలుసా అంది. తెలుసు. ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మొదటిసారి మీకోసమే చేశానండీ, రెండోసారి మీకు ఎంతొచ్చిందో కూడా చూడలేదు, మీరెప్పుడు డ్యూటీకి వెళ్తారా, నేనెప్పుడు కూర్చుంటానా అని చూశాను అంది. అది చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

అంటే రెండోసారి నామీద జాలి కూడా కాదు.

లోపలికి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి బల్లమీద పడేసింది. చూసుకోండి, ఇది కూడా మీ కాలేజీకి పంపండి, కొట్టేస్తారు అంది.

వీడియోలన్నీ చూసింది. మేడం చెప్పిన ప్రతి లెక్కా ఇంకో లెక్కతో మళ్ళీ చేసింది. ఏడో యూనిట్ దగ్గర నలభై రోజులు నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చిన వేళలు రాసి ఉన్నాయి. సగటున 5:22కి వస్తానట. డీవియేషన్ పదకొండు నిమిషాలు. కింద ఒక వాక్యం రాసింది. 5:45 దాటితే ఏదో అయిందని అర్థం, దాటకముందే కంగారు పడక్కర్లేదు.

ఆరుగురి ముందు నేను చెప్పలేకపోయింది అదే.

నా వేళలు నాకు తెలియకుండా నలభై రోజులు రాసుకున్న మనిషి. తలెత్తి చూసేసరికి గదిలో లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఏడాది నిషేధం నా పేరు మీదే. ఆమె పేరు మీద లేదు.

ఆ మాట చెబుదామని వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏం కావాలి అంది. మంచినీళ్ళు అన్నాను. ఇచ్చింది. తాగి వచ్చేశాను.