సరోజక్క ఫ్రిజ్‌ల రమ్ము జెల్లీ

శనివారం రాత్రి, ఏప్రిల్ 1976

మా ఆయన ప్రమోషన్ పార్టీ అయిపోయింది. బొంబాయి నుంచి వచ్చిన ఆఫీసరు భార్య చెప్పినట్టే రమ్ము కలిపి జెల్లీ చేసిన. మొదటిసారి మసిలే నీళ్లల్లనే రమ్ము పోసిన. ఇల్లంత వాసన గొట్టింది, జెల్లీల మాత్రం ఏం మిగల్లే. మళ్ల జెల్లీ పొడిని వేడినీళ్లల్ల కరిగించి, చల్లారినంక రమ్ము పోసి, చిన్న గిన్నెలల్ల సర్దిన.

గడ్డ కట్టాలంటే ఫ్రిజ్ కావాలె. మా క్వార్టర్ల లైన్ల అది సరోజక్క ఇంట్లనే ఉంది. అడగనీకి నోరు రాలే. వాళ్లాయన తాగుడు మానేస్తనని మొన్న క్రిస్మస్‌కు చర్చిల అందరి ముంగట ఒట్టు పెట్టుకున్నడు. అయినా దాచకుండ చెప్పిన, దీంట్ల రమ్ము ఉందని.

"పెట్టుకో చెల్లే. ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చేలోపల తీస్కపో" అన్నది.

సాయంత్రం పోయేసరికి వాకిట్ల ఆయన సైకిల్ ఉంది. జల్దీ వచ్చిండంట. ఫ్రిజ్ తీస్తే ఒక గిన్నె ఖాళీ. నా పార్టీ పాడుగాను, ఆయన ఒట్టు నేనే చెడగొట్టిన అనుకున్న.

అక్క నన్ను వంటింట్లకు గుంజుకపోయింది. "ఆయన గాదు, నేను తిన్న" అన్నది. "పెండ్లయిన కాడినుంచి దీనితోటే కొట్లాడుతున్న. అసలు దీంట్ల ఏముందో సూద్దామని."

"ఎట్లుందక్కా?"

అక్క ఆ ఖాళీ గిన్నె కడిగి నా చేతుల పెట్టి, మెల్లగ అడిగింది: "మళ్లెప్పుడు చేస్తవ్ చెల్లే?"