మెలికపడ్డ మెడతొడుగు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా గొంతుకి ఆపరేషను. ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండు మైకులో బస్సుల వేళలు చెప్పి రిటైరై, అందరిచేతా మైకమ్మ అనిపించుకున్న నేను, మతి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. మతి నిలకడగానే ఉంది. అక్షరాలు వంకరపోతే దాన్ని మతిచలనం కింద ఎవరూ జమకట్టకూడదు. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు, చస్తానని ఎప్పుడూ అనుకోలేదు కనక. దీన్ని అమలుచేసే బాధ్యత మా అమ్మాయిది.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు నా తదనంతరం మావారు జీవించినంతకాలం అనుభవించి, ఆ పిమ్మట మా అమ్మాయికి సర్వహక్కులతో చెందవలెను. వంటింటి కిటికీ గొళ్ళెం పైకెత్తి తొయ్యాలి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

2. మావారికి నా రేడియో. నేను ఆస్పత్రి మాటెత్తినప్పుడల్లా ఏం కాదులే అంటూ దాని గొంతు పెంచేవారు. మీకూ భయమేనని తెలుసు. ఒక్కసారి పక్కన కూచుని, నాకూ భయంగానే ఉందే అని ఉంటే మీ సొమ్మేం పోయేది?

3. అమ్మాయికి నా అల్లిక సూదులు, ఒక్కటి తప్ప. అమ్మాయి అల్లదు, నాకు తెలుసు. పారెయ్యకుండా ఉంటే చాలు.

4. ఆ ఒక్కటి గుండ్రటి సూది, రెండు పుల్లల్ని తీగతో కలిపినది. దాని మీద సగం అల్లిన చారల మెడతొడుగు ఉంది. ఆపరేషను మచ్చ కప్పుకోడానికని మొదలెట్టాను. తిరిగొస్తానో రానో తెలియనిదానికి కొత్త ఊలెందుకని పెట్టె అడుగున మిగిలిన ఉండలే తీశాను. మావారి స్వెట్టరులో మిగిలిన బూడిదరంగు, అమ్మాయి పసితనపు టోపీలో మిగిలిన పసుపు, మా తోడికోడలికి అల్లిన శాలువాలో మిగిలిన ఎరుపు, రంగుకి ఎనిమిది వరసలు. చిన్నపిల్లలైనా అల్లేస్తారు. కాకపోతే సూదికి కుట్లు ఎక్కించాక, రెండు కొసలూ గుండ్రంగా కలిపేముందు అన్నీ ఒకే వైపు తిరిగున్నాయో లేదో చూసుకోవాలి. ఆ రోజే డాక్టరు తారీఖు చెప్పాడు. నేను చూసుకోలేదు. బెత్తెడు పెరిగాక చూద్దును కదా, మొత్తం మెలికపడి ఉంది! మొదటికంటా విప్పడం తప్ప దానికి మందు లేదు. విప్పబోయి, మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. నాలుగు రోజులుగా దాన్ని ముట్టుకోలేదు.

మత్తిచ్చేటప్పుడు పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటారట. ఒకటి తరవాత ఏముంటుందో ఎవరూ చెప్పరు. నాకు చాలా భయంగా ఉంది.

కాబట్టి ఆ మెడతొడుగు, సూదితో సహా, మా తోడికోడలికి చెందవలెను. పదకొండేళ్ళ కిందట ఆ శాలువా పదిమందిలో ఎత్తి చూపించి, అక్క మాటలు ఎంత బిగువో కుట్లు అంత వదులు అని అందరినీ నవ్వించింది. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. కుట్లు నిజంగానే వదులు. తిన్నగా అల్లే చెయ్యి మా కుటుంబంలో తనదొక్కటే. విప్పి, మళ్ళీ అల్లి, తనే వేసుకోవాలి.

5. పై అంశం రాశాక జరిగినది. సాక్షి సంతకానికి అమ్మాయి నాతో చెప్పకుండా తోడికోడలినే పిలుచుకొచ్చింది. తను అంతా చదివింది. సాక్షిగా సంతకం పెట్టేవాళ్ళకి వీలునామాలో ఏదీ దక్కదని, అప్పటికే మొదటి సాక్షిగా వచ్చి కూచున్న ఎదురింటి టైలరు హెచ్చరించాడు, ఇంకొకర్ని పిలుస్తానన్నాడు. తను ససేమిరా అంది. సాక్షి తనేనట, నా మెడతొడుగు తనకక్కర్లేదట, నా మెడకి నేనే వేసుకోవాలట. అని, కింద కూలబడి ఊలు విప్పుతోంది. నేను ఉండ చుడుతున్నాను. ఎరుపు అయిపోయింది, పసుపు దగ్గరికొచ్చాం. భయం పోలేదు. సోమవారం ఆపరేషను గది బయట తను కూచుంటుందట. తిరిగొచ్చాక కుట్లు నేను ఎక్కించాలట, కలిపేముందు తను చూస్తుందట.

కనుక నాలుగో అంశం కొట్టివేయడమైనది.

నవంబరు 14, శుక్రవారం, సాయంత్రం.

(సంతకం) మైకమ్మ

సాక్షులు:
ఎదురింటి టైలరు
తోడికోడలు