ఒకటి తీసుకొని ఒకటి ఇచ్చాడట

జూన్ 14
కీర్తన రాసిన డాక్టరు సీటు పరీక్ష రిజల్టు వచ్చింది. ర్యాంకు మంచిదేనట. ఆ నంబరు పెద్దదో చిన్నదో నాకేం తెలుసు. కీర్తన మొహం చూసి తెలుసుకున్నాను. "సీటొస్తదమ్మా, గవర్నమెంటుల్నే" అంది. అని, గోడ మీద వాళ్ల డాడీ ఫోటో వైపు చూడకుండా వంటింట్లోకి పోయింది. నేనూ చూడలేదు. జనవరిలో పోయిన మనిషి. జూన్‌లో ఈ మాట వినాల్సిన మనిషి.
ఏడవలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

జూన్ 15, ఆదివారం
చర్చిలో అయ్యగారు ప్రకటనల్లోనే చెప్పేశారు. చప్పట్లు. బయట చెప్పులు వేసుకుంటుంటే మేరీ వదిన చెయ్యి పట్టుకుంది. ఆయనకు అక్క. ఆయనను ఎత్తుకుని పెంచింది.
"రూతూ, సీటు చేతికొచ్చినంక కృతజ్ఞత కూడిక పెట్టాలె. నువ్వు లేసి సాక్ష్యం చెప్పాలె. మా తమ్ముడు ఒప్పుకున్న మాట అది."
ఒప్పుకున్నాడు నిజమే. మైకు పట్టుకుని దేవుడు మాకు ఈ మేలు చేశాడు అని అందరి ముందు చెప్పడం ఆయనకు ఎంత ఇష్టమో. తను నడిపే బడి వ్యాన్ క్లచ్ బాగైనా సాక్ష్యం చెప్పేవాడు.
నేను చెప్పను. నోరు లేక కాదు... ఆయన గుండె జబ్బుతో దవాఖానలో ఉన్నప్పుడు ఇదే చర్చి, ఇవే నోళ్లు, నా నోరు కూడా, బతికించు బతికించు అని అడిగాయి. దానికి జవాబు రాలేదు. ఇప్పుడు సీటుకు జవాబు వచ్చిందని నేను లేచి ఎట్లా చెప్పను?

జులై 3
నెట్ సెంటర్‌లో అప్లికేషన్. కంప్యూటర్ ముందున్న పిల్ల తండ్రి పేరు అడిగింది. కీర్తన చెప్పింది. "లేడమ్మా" అన్నాను నేను. "పేరు ముందర లేట్ అని కొట్టాల్నా ఆంటీ?"
"వద్దు" అని కీర్తన గట్టిగా అంది. "మెమోల ఎట్లున్నదో గట్లనే కొట్టు."
సరే. అక్కడ ఆయన ఇంకా ఉన్నాడు.

జులై 22
కౌన్సెలింగ్ రేపు, కౌన్సెలింగ్ వచ్చే వారం, కోర్టులో ఉంది... రోజూ ఒక మాట. కీర్తన ఫోన్ వదలదు. అన్నం ముందు ఫోన్. నేను అడిగితే విసుగు. అడగకపోతే "నీకేం పట్టదు" అంటుంది.
బడిలో నాతో వంట చేసే లచ్చవ్వ —
"ఏందే రూతూ, బిడ్డె డాక్టరైందా?"
"ఇంక సీటే రాలేదవ్వా."
"అయితే నా మోకాలికి చెప్పు మరి, అప్పటిదాక జర ఆగమని."
నవ్వాను. చాలా రోజులకు. నవ్వినందుకు మళ్లీ సిగ్గు.

ఆగస్టు 30
కాలేజీల వరస పెట్టే దగ్గర పోట్లాట. ఇక్కడిది మొదట పెట్టు అన్నాను. ఇంటి నుంచే పోయిరావచ్చు గదా.
"పెట్టిన. పెడితే రాదమ్మా, ర్యాంకు సాలాలె."
"సాలకపోతే ఎక్కడేస్తరు?"
"యాడేస్తే ఆడికి పోవాలె."
"దూరమైతే?"
"నువ్వొక్కదానివి ఎట్లుంటవనే గదా నా ఫికర్."
"నా ఫికర్ నీకెందుకే! నీ చదువు నువ్వు చూసుకో."
అరిచాను. తర్వాత అన్నం పెడితే నీళ్లు మాత్రం తాగి లేచింది. మాకు ఇప్పుడు మెత్తగా మాట్లాడడం రావట్లేదు. మెత్తగా మాట్లాడేది ఆయనే.

సెప్టెంబర్ 18
సీటు వచ్చింది. దూరమే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటుతుంది.
ఫోన్లు, ఫోన్లు, ఫోన్లు. అందరూ ఒకటే మాట, "మీ ఆయన ఉంటేనా..." ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదా? వాళ్లు చెప్తే గాని తెలియదా?

సెప్టెంబర్ 21, ఆదివారం
రాయబుద్ధి కావట్లేదు. అయినా రాస్తాను.
కూడికకు ఒప్పుకున్నాను, సాక్ష్యానికి కాదు. ఆ మాట వదినకు ముందే చెప్పాను. ఆమె విన్నట్టే తల ఊపింది. కీర్తనకు తెల్ల కోటు కొనుక్కొచ్చింది. చర్చిలోనే తొడిగింది. ఎండకు చెమట, పిల్ల మొహం ఎర్రగా.
అయ్యగారు "రూతమ్మ సహోదరి ఇప్పుడు సాక్ష్యం చెప్తారు" అన్నారు. నేను లేవలేదు. కూర్చునే ఉన్నాను. అందరూ తిరిగి చూస్తున్నారు. అప్పుడు వదిన లేచి మైకు తీసుకుంది.
"మా తమ్మున్ని దేవుడు తీస్కున్నడు. ఊకెనే తీస్కుంటడా? ఒకటి తీస్కొని ఒకటి ఇచ్చిండు. తమ్ముని పాణం పోయింది, బిడ్డకు సీటొచ్చింది. దేవునికి స్తోత్రం!"
అందరూ ఆమెన్. గట్టిగా. పిల్లలు కూడా.
కీర్తన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. మడిచి ఒళ్లో పెట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఏం అనలేదు. తర్వాత బిర్యానీ వడ్డించాను. అందరికీ. నవ్వుతూ.

సెప్టెంబర్ 24
హాస్టల్లో దింపాను. ఇనుప మంచం, నేను కుట్టిన దిండు గలీబు, బకెట్. పక్క మంచం పిల్ల వాళ్ల అమ్మానాన్న ఇద్దరూ వచ్చారు. నాన్న మంచం ఎక్కి ఫ్యాన్ తుడుస్తున్నాడు. మా ఫ్యాన్ కీర్తన తుడుచుకుంది.
"పో అమ్మా, బస్సు పోతది."
పొమ్మంటే వచ్చేశాను.

సెప్టెంబర్ 26
బడిలో అంతమంది పిల్లలకు ఎసరు కంటితో కొలుస్తాను. ఇంట్లో నా ఒక్కదాని అన్నం మాడింది.

అక్టోబర్ 1
ఫోన్. ఈ రోజు వాళ్లు కోసి నేర్చుకునే శవం ముందు నిలబెట్టి ప్రమాణం చేయించారట. పూలు పెట్టారట. "శవం అనొద్దంటమ్మా. మొదటి గురువు అనాలంట. ఆయన సచ్చిపోయి మనకు చదువు చెప్తడంట."
మంచి మాటే గదా అన్నాను.
"ఉన్నవా?" అంటే "ఊ."

అక్టోబర్ 6
"తిన్నవా?" — "ఊ."
"ఏం తిన్నవు?" — "తిన్ననమ్మా."
"సీనియర్లు ఏమన్న ఏడిపిస్తున్నరా?" — "లేదు."
ఫోన్ పెట్టేశాక గిన్నె తీసి నేలకు కొట్టాను. సొట్ట పడింది. ఆ పిల్ల నోట్లోంచి మాట పీకడం నా వల్ల కావట్లేదు. ఆయనైతే ఏదో పిచ్చి మాట అని నవ్వించి మొత్తం చెప్పించేవాడు.

అక్టోబర్ 18
దీపావళి సెలవులని వచ్చింది. పెద్ద బ్యాగుతో వచ్చింది. నాలుగు రోజులకు అంత బ్యాగు ఎందుకని అప్పుడే అనుకున్నాను.
చేపల పులుసు ముట్టలేదు. చెయ్యి కడుక్కుని చెప్పింది.
"ఆ సీటు నాకొద్దమ్మా."
ముందు నాకు అర్థం కాలేదు. ఫెయిలయ్యావా అన్నాను. ఎవరన్నా ఏమన్నా అన్నారా అన్నాను. కాదట.
"టేబుల్ మీద ఆ మొదటి గురువు కాళ్లు చూసినమ్మా. డాడీ కాళ్ల లెక్కనే. మడిమలు పగిలి... ఆయన సచ్చిపోతెనే నాకు చదువు. ఇక్కడ డాడీ సచ్చిపోతెనే నాకు సీటు. నేనేమన్న అడిగిన్నా గట్ల?"
"ఎవరన్నరే నీతోని!"
"అత్తమ్మ అన్నది. చర్చంత ఆమెన్ అన్నది. నువ్వు గూడ ఆడనే కూసున్నవు."
కొంగు నోట్లో పెట్టుకుని వాకిట్లోకి పోయాను. చిచ్చుబుడ్లు కాలుస్తున్నారు పక్కింటివాళ్లు.

అక్టోబర్ 19, ఆదివారం
చర్చికి పోలేదు. నేరుగా వదిన ఇంటికి పోయాను. పోట్లాడాలనే పోయాను.
"బిడ్డ సీటొద్దంటాంది. నీ మాట పట్టుకొని. నీకు మైకు ఎవరిమ్మన్నరు?"
"నువ్వు లేవకపోతివి. కూడికంత మనల్నే చూడవట్టె. తమ్ముని పరువు తియ్యాల్నా?"
"పరువు గోసం గంత మాట అంటవా?"
అప్పుడు ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "మరి ఏమనాలె రూతూ? ఊకెనే పోయిండు అనుకోమంటవా? దేనికీ గాకుండ పోయిండంటే నాకు ముద్ద దిగుతదా? ఎత్తుక పెంచిన గదనే."
ఆమెను తిట్టడానికి పోయి, ఆమె చేటలో రాళ్లు ఏరి వచ్చాను.

అక్టోబర్ 22
సెలవులు అయిపోయాయి. పోలేదు. జ్వరమని కాలేజీకి ఫోన్ చేసి చెప్పింది. సోమవారం దాకా లీవు. మంగళవారం సాయంత్రంలోగా కాలేజీలో కనిపించకపోతే సీటు వద్దని రాసిచ్చి పోవాలి అన్నారట.
బతిమాలాను. తిట్టాను. ఇంత కష్టపడి చదివి ఎందుకే అన్నాను. "నువ్వు వంట చెయ్యవా, నేను గూడ ఏదో ఒకటి చేస్త" అంది. చెంప మీద కొట్టబోయి ఆగాను. చెయ్యి ఇంకా అట్లాగే బరువుగా ఉంది.

అక్టోబర్ 23
ఇంట్లో నిన్నటి నుంచి మాటల్లేవు. ఇంటి ముందు నుంచి ఎవరు పోయినా "ఏం డాక్టరమ్మా, సెలవులా?" అంటున్నారు. ఒకాయన బీపీ మాత్ర పట్టుకుని వచ్చాడు, ఇది తిన్న తర్వాతా ముందా అని. కీర్తన లోపలి నుంచి రాలేదు. నేనే "తిన్నంక" అని చెప్పి పంపాను. తప్పో ఒప్పో.

అక్టోబర్ 24
లచ్చవ్వకు చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, గుడ్లు ఒలుస్తుంటే వచ్చేసింది. ఆమె గుడ్డు పెంకు చూస్తూనే —
"నీ పెనిమిటి బతికుంటే నీ పోరి చదువకపోవునా?"
"ఎందుకు చదువదు? ఆయన ఉన్నప్పుడే లాంగ్‌టర్మ్ కోచింగ్‌ల చేరె."
"మరి గదే చెప్పు. నాకెందుకు చెప్తాన్నవు?"
ఇంటికి వచ్చే దారంతా ఆయన వ్యాన్ గుర్తుకొచ్చింది. బడి పిల్లలను దించేశాక కీర్తనను ఎక్కించుకుని కోచింగ్‌కు తీసుకుపోయేవాడు. ఆమె చదివింది ఆయనకు అప్పజెప్పేది. "డాడీ, గుండెల ఎన్ని గదులు?" "రెండు బిడ్డా, కిచెన్ సపరేటు." ఆమె అరిచేది, ఆయన హారన్ కొట్టేవాడు. ఆ పిల్ల అప్పుడే చదివింది. ఆయన గుండె బాగున్నప్పుడే.
ఇది చెప్పాలి. ఇంట్లో చెప్తే వినదు. తలుపు వేసుకుంటుంది.

అక్టోబర్ 26, ఆదివారం
చెప్పాను. చర్చిలో.
కీర్తనను రమ్మనలేదు. తనే వచ్చింది, వెనక చాప మీద కూర్చుంది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగితే చెయ్యి ఎత్తాను. నేనే ఎత్తాను. అయ్యగారి మొహం వెలిగింది, పాపం.
మైకు చెమటకు జారుతోంది. రాసుకుపోయిన మాటలేవీ లేవు. వచ్చింది అన్నాను.
"నా బిడ్డ చదివి సీటు తెచ్చుకున్నది. వాళ్ల డాడీ బతికున్నప్పుడే చదివింది. ఆయన జబ్బు చేసి పోయిండు. అది వేరే, ఇది వేరే. నేను దేవుని దగ్గర రెండు అడిగిన. ఒకటి ఇయ్యలేదు. ఎందుకియ్యలేదో నాకు తెల్వది, మీకు గూడ తెల్వది. తెలిసినట్టు చెప్పకుండ్రి. మనిషిని తీస్కొని సీటిచ్చే బేరమైతే నేను ఒప్పుకోకపోదును. నన్నెవరూ అడగలేదు. నా బిడ్డనూ అడగలేదు."
ఎవరూ ఆమెన్ అనలేదు. ఫ్యాన్ల చప్పుడు. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. అయ్యగారు "పాట పాడుకుందాం" అన్నారు.
వదిన కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. నా వైపు చూడలేదు. బయట చెప్పుల దగ్గర కూడా చూడలేదు. ఆమె దగ్గర ఉన్న ఒక్క ఓదార్పునూ నేను అందరి ముందు లాక్కున్నట్టయింది. అది తెలుసు నాకు. అయినా మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్తాను.
ఆటోలో కీర్తన బయటికే చూస్తూ —
"వాళ్లకు చెప్పినవు. నువ్వు నమ్ముతున్నవా అమ్మా?"
నమ్ముతున్నా అనేద్దామని నోరు తెరిచాను. రాలేదు.
"నమ్మాలనే చూస్తాన బిడ్డా. కొన్ని దినాలు నమ్ముతాన. కొన్ని దినాలు కాదు."
మొహం నా వైపు తిప్పింది. మళ్లీ బయటికి తిప్పుకుంది. తప్పు జవాబేమో. అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో...

అక్టోబర్ 27
లీవు ఈ రోజుతో ఆఖరు. బ్యాగు మంచం కిందనే ఉంది. నేను దాన్ని ముట్టలేదు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది, అన్నం వండి ఉంది. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. కూరలో ఉప్పు ఎక్కువ. ఇద్దరం అనలేదు.
మేరీ వదిన ఫోన్ ఎత్తట్లేదు.
దీపాలు పెట్టే వేళ ఇంక ఉండబట్టలేక అడిగాను. అడగొద్దని పొద్దుటి నుంచి అనుకుంటూనే.
"తెల్లారి మొదటి బస్సుకు లేపాల్నా?"
ఉతికిన బట్టలు మడుస్తోంది. నావి ఒక పక్క, తనవి ఒక పక్క. తలెత్తలేదు.
"లేపు. పోతనో లేదో అప్పుడు చెప్త."