వడ్ల గది కిటికీ నుంచి కుస్తీ

3 నవంబర్ 1941, సోమవారం

ఈ రోజు సత్తార్ నారయ్యను మూడుసార్లు పడేశాడు. మూడుసార్లూ చూశాను. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే ప్రాణం నిలిచేలా లేదు, అందుకే ఈ డైరీ. మా ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చి అలమారాలో పడేసి మరిచిపోయారు.

మా మేడ మీద వడ్ల గది ఉంది. దానికి ఒకటే కిటికీ. కిటికీ కింద పెరటిగోడ, గోడ అవతల తాలీం, అంటే కుస్తీ నేర్పే చోటు. మధ్యలో గోదా, కుస్తీ పట్టే మట్టి. దాని మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపి తవ్వుతారు. ఆ వాసన పైదాకా వస్తుంది. రెండేళ్ళ కింద టైఫాయిడ్ తగ్గాక డాక్టర్ గాలి తగిలేచోట రెస్ట్ తీసుకోమన్నాడు. ఈ ఇంట్లో గాలి తగిలేది ఆ గదిలోనే. జ్వరం పోయింది. నేను మాత్రం రెండు పూటలా మేడ ఎక్కుతూనే ఉన్నాను. వడ్లకు పురుగు పట్టిందేమో చూసి వస్తానని చెబుతాను. మా వడ్లంత భద్రంగా ఈ తాలూకాలో ఎవరి వడ్లూ లేవు.

తెలిస్తే లోకం ఏమంటుందో తెలుసు. లంగోటీ కట్టిన మగవాళ్ళను చూడ్డానికి ఎక్కుతుందట అంటుంది. మొదటి వారం నాకూ సిగ్గేసింది. తర్వాత పట్లు కనిపించసాగాయి. సిగ్గుపడుతూ కూర్చుంటే పట్టు తప్పిపోతుంది.

9 నవంబర్, ఆదివారం

ఒక్కొక్కరి గురించి రాసి పెట్టుకుంటాను.

నారయ్య తాళ్ళెక్కే మనిషి. చేతులతో ఏమీ చేయలేడు, మాట ఎంత మెల్లనో కుస్తీ అంత మెల్లన. కానీ అతని కాళ్ళు ఎదుటివాడి కాలికి చుట్టుకున్నాయంటే అంతే. తాటిచెట్టును కరుచుకున్న కాళ్ళు అవి. అతని కుస్తీ చూస్తుంటే నాకు నిద్ర వస్తుంది, హాయిగా. ఎవరూ ఎటూ పోరు. చివరికి ఎదుటివాడే విసిగి పడిపోతాడు.

అబ్దుల్ రహీం ఉస్తాద్‌ది హయత్‌నగర్. అరవై దాటాయి. ఇప్పుడు కొత్తవాళ్ళకు పడడం నేర్పుతాడు. పడేయడం కాదు, పడడం. తానే పడి చూపిస్తాడు. ఆ పడడం చూడాలి. చాప పరిచినట్టు పడతాడు.

ఇక సత్తార్. దూది ఏకే సత్తార్. నలభై దగ్గర పడ్డాయి, పొట్ట కొంచెం వచ్చింది. అతను ఎవరినీ లాగడు, తోయడు. మెడ మీద చేయి వేసి తడతాడు. మోచేతి దగ్గర తడతాడు. మళ్ళీ మెడ. ఏకే విల్లు నారిని తట్టినట్టే. గట్టిగా బిగుసుకున్న మనిషి తట్టగా తట్టగా వదులవుతాడు, దూదిలా విడిపోతాడు. అప్పుడు ఒక అడుగు పక్కకు వేస్తాడు. ఒక్కటే. ఎదుటివాడు తనంతట తానే కింద ఉంటాడు. పడ్డవాడి ముఖంలో కోపం కూడా ఉండదు, ఇదేంటీ అన్న ఆశ్చర్యం తప్ప.

ఆ ఒక్క అడుగు కోసం నేను మేడ ఎక్కుతాను.

10 నవంబర్

వాన. గోదా మీద తాటాకులు కప్పారు. రోజంతా ఏమీ తోచలేదు.

19 నవంబర్, బుధవారం

సత్తార్ భార్య జమాల్ బీ పరుపులు కుట్టడానికి వచ్చింది. మూడు వారాల పని. ఇంతకు ముందు ఎప్పుడూ నోరు విప్పి మాట్లాడలేదు. ఈ రోజు నేనే సత్తార్ కుస్తీ మాట ఎత్తాను.

ఆమె ఒక్కసారి కూడా చూడలేదట. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆడవాళ్ళు తాలీం గడప తొక్కరు కదా. రాత్రి నూనె వేడిచేసి రుద్దుతుందట.

"ఏడ నొస్తదో నాకెర్కే పటేలమ్మా. ఎందుకు నొస్తదో ఎర్కలేదు," అంది.

నేను తలుపు గొళ్ళెం పెట్టి దిండు తీసుకున్నాను. దిండు మెడ మీద చేయి వేశాను. తట్టాను. మోచేయి అనుకోమన్న చోట తట్టాను. పక్కకు అడుగు వేశాను. దిండు పడింది. జమాల్ బీ సూది పట్టుకుని అలాగే ఉండిపోయింది. మళ్ళీ చేయమంది. ఏడుసార్లు చేయించింది.

27 నవంబర్, గురువారం

వడ్లు చెరగాలని చెప్పి జమాల్ బీని మేడ మీదికి తీసుకుపోయాను.

మొగుణ్ణి చూసి మొట్టమొదట ఆమె అన్న మాట: "గంత చిన్నగ కనవడ్తుండేంది?" సత్తార్‌ను నారయ్య కాళ్ళతో చుట్టేసినప్పుడు కళ్ళు మూసుకుంది. తెరువు, ఇప్పుడే అసలు సంగతి ఉంది అన్నాను. తెరిచింది. ఆ ఒక్క అడుగు ఆమె కూడా చూసింది.

దిగేటప్పుడు మెట్ల మీద ఆగి, "ఇంట్ల చెంబు గూడ ఎత్తడు అక్కా," అంది.

పటేలమ్మ పోయి అక్క వచ్చింది. ఎప్పుడు మార్చిందో ఆమెకూ తెలిసినట్టు లేదు.

6 డిసెంబర్, శనివారం

జమాల్ బీకి కుస్తీ చూసే కన్ను వచ్చింది. ఈ రోజు పట్టును నాకంటే ముందు కనిపెట్టింది. "కాలు, కాలు!" అని అరవబోతే నోరు మూశాను. ఇద్దరం వడ్ల బస్తాల మీద పడి నవ్వాం.

రేపు కాదు, పై ఆదివారం ఈ తాలీంలోనే దంగల్, పెద్ద కుస్తీ పోటీ. సత్తార్‌కూ కోహెడ ఎల్లాకూ పందెం. ఎల్లా సేద్యం చేసే పిల్లగాడు, ఇరవై నాలుగేళ్ళు. పోయిన ఏడు చూశాను. దూకుతాడు. ఓపిక లేదు. పడేసినా నవ్వుతాడు, పడ్డా నవ్వుతాడు. వాడంటే కూడా నాకు ఇష్టమే, కానీ సత్తార్ తర్వాత.

గెలిచినవాడికి పాలిచ్చే బర్రె. ఇచ్చేది మా ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. ఊరి పటేల్ కదా. జమాల్ బీ అప్పుడే వాకిట్లో గుంజ పాతించిందట.

14 డిసెంబర్, ఆదివారం, సాయంత్రం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇద్దరం కిటికీ దగ్గరే ఉన్నాం. ఎల్లా మొదటినుంచే మీద పడ్డాడు. సత్తార్ తట్టాడు, తట్టాడు. ఎల్లా వదులు కాలేదు. వయసు. చాలాసేపటికి సత్తార్ రొప్పడం పైదాకా వినిపించింది. ఎల్లా సందు చూసి దూరి, చాకలి బట్ట ఉతికినట్టు సత్తార్‌ను భుజం మీదినుంచి తిప్పి కొట్టాడు. ధోబీపాట్. ఎంత అందంగా వేశాడో. ఆ క్షణంలో నా మనసు వాడి వైపు పోయింది, దాచను.

సత్తార్ వెల్లకిలా పడ్డాడు. రెండు భుజాలూ మట్టికి తగిలాయి. రెండూ, ఒకేసారి. అదే చిత్తు. అక్కడితో ఆట అయిపోవాలి.

కానీ మా ఆయన అటు తూర్పు పక్క నిలబడ్డారు, ఎల్లా వీపు అడ్డం. చుట్టూ మూగినవాళ్ళకూ అంతే, పైనుంచే తేటగా కనిపించింది. ఆయన చుట్టూ తిరిగి వచ్చేలోగా సత్తార్ మెడను మట్టికి ఆనించి దాని మీద లేచి పొర్లి ఎల్లాను కింద వేశాడు. ఆయన చూసింది అదే. సత్తార్ చేయి పైకెత్తారు. డప్పులు. జనం సత్తార్‌ను భుజాల మీద మోశారు. ఎల్లా ఈసారి నవ్వలేదు.

జమాల్ బీ నా మణికట్టు పట్టుకునే ఉంది. బర్రెను చూసుకోవాలని దిగిపోయింది.

15 డిసెంబర్

చెబితే ఏమవుతుంది? కిటికీ పోతుంది. జమాల్ బీ బర్రె పోతుంది. రెండూళ్ళ ముందు ఆయన పరువు పోతుంది.

చెప్పకపోతే ఏమీ పోదు. పొద్దున మేడ ఎక్కాను. సత్తార్ రాలేదు. నారయ్య ఎవరినో కాళ్ళతో చుట్టుకుని ఉన్నాడు. ఐదు నిమిషాలు చూసి దిగివచ్చాను. రుచించలేదు.

16 డిసెంబర్, మంగళవారం, మధ్యాహ్నం

జమాల్ బీ ముంతలో పాలు తెచ్చింది. బర్రె మంచిదట, తన్నదట. ముంత చేతికిచ్చి, పోకుండా నిలబడింది.

"అక్కా, నీకు కనవడ్డదా?"

కనబడింది అన్నాను.

"నాకు గూడ." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండొద్దులాయె, బువ్వ ముడ్తలేడు. విల్లు ముందట పెట్టుకుని కూసుంటడు, నారి మీద చేయి ఎయ్యడు. ఏమైందని అడగలే నేను. నువ్వేడికెల్లి సూసినవ్ అంటె ఏం జెప్పాలె?"

మళ్ళీ అంది: "నాకు కుస్తీ ఏం దెల్సు? నువ్వే నేర్పితివి. నేర్పకుంటే మంచిగుండు. పాలు పిండుకుంట బతుకుదు."

పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగేదాకా ఇద్దరం నిలబడ్డాం. మా ఇంట్లో నేను చెబుతాను, మీ ఇంట్లో నువ్వు చెప్పు అన్నాను. సరేనంది. ముంత కడిగి తీసుకుని వెళ్ళింది.

అదే రోజు, పొద్దుగూకే వేళ

ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాను. చేయి కంచంలో ఆగిపోయింది. నీకెట్ల తెలుసన్నారు. వడ్ల గది కిటికీ అన్నాను. ఎన్నొద్దుల సంది? రెండేళ్ళు.

నేను కింద కూర్చుని ఉప్పు గిన్నె పెట్టాను, ఇది సత్తార్. చెంబు, ఇది ఎల్లా. పీట, ఇక్కడ మీరు. మూత, ఇక్కడ నేను. ధోబీపాట్ వేసి చూపించాను. ఉప్పు ఒలికింది. పీట దగ్గరికి వంగి చూశారు. అక్కడినుంచి గిన్నె కనిపించదు, చెంబే కనిపిస్తుంది.

"ఇంకెవలు సూసిన్రు?" అన్నారు.

నేనొక్కదాన్నే అన్నాను. ఆయనకు నేను చెప్పిన అబద్ధాల్లో దీనికి మాత్రం నాకు బాధ లేదు.

చేయి కడుక్కుని బయటికి పోయారు.

17 డిసెంబర్

వడ్రంగి వచ్చి కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టి పోయాడు.

18 డిసెంబర్, గురువారం

పొద్దున్నే సత్తార్ బర్రెను తోలుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనక సగం ఊరు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"పటేలా, నా వీపు తాకింది. రెండు రెక్కలూ తాకినయ్. మట్టి నా వీపుకు ఎర్కే," అన్నాడు. "ఆ దినమే చెప్పాలె. అందరు ఎత్తుకున్నరు, నోరు రాలే. ఇది ఎల్లాది. కోహెడకు తోల్కపోతున్న."

ఎవరో, అంతా అయిపోయినంక ఇప్పుడెందుకు, పటేల్ తీర్పు తీర్పే అన్నారు. ఇంకొకరు అవ్ అవ్ అన్నారు. ఆయన ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు.

ఆయన అరుగు దిగారు. "తీర్పు తప్పు," అన్నారు. "నేను తూర్పుకున్న. ఎల్లా అడ్డముండె. సూడకుండ చేయి లేపిన. సక్కగ సూసినోళ్ళు మొన్ననే నాకు చెప్పిన్రు. నేనే పిలుద్దునా వద్దా అనుకుంటున్న, నువ్వే వస్తివి."

ఎవరు చూశారని ఎవరో అడిగారు. నా కండ్ల కంటె మంచి కండ్లు అన్నారు, అంతే.

నేను లోపలికి వచ్చి ఊరికే పప్పు ఏరుతూ కూర్చున్నాను. అప్పటికే ఏరిన పప్పు.

20 డిసెంబర్

జమాల్ బీ వచ్చి చెప్పింది. సత్తార్ కోహెడ పోయి తాడు ఎల్లా చేతికి ఇచ్చాడట. "అన్నా, తాకిందని నాకెర్కే, పోనీ తియ్యి అనుకున్న," అన్నాడట వాడు. బర్రె సంగతి వదిలేసి, మెడ మీద ఎట్ల లేస్తివో జర చూపియ్యమని అక్కడే వాకిట్లో పట్టుకున్నాడట. ఇద్దరూ దుమ్ములో పొర్లుతుంటే ఎల్లా తల్లి చీపురు పట్టుకుని వచ్చిందట.

ఆ రాత్రి సత్తార్ అన్నం రెండుసార్లు అడిగి తిన్నాడట. జమాల్ బీకి బర్రె మీద ప్రేమ ఇంకా పోలేదు. దాని తోక గురించి చాలాసేపు మాట్లాడింది.

11 జనవరి 1942

చెక్కలు అలాగే ఉన్నాయి. అయినా మేడ ఎక్కుతున్నాను. చప్పుడు వినిపిస్తుంది. నారయ్య పడితే బస్తా దించినట్టు. ఉస్తాద్ పడితే వినిపించదు. శుక్రవారం శుక్రవారం ఒక కొత్త నవ్వు వినిపిస్తోంది. ఎల్లా సత్తార్ దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నాడు.

22 ఫిబ్రవరి, ఆదివారం

ఆయన ఒక విచిత్రమైన పని మొదలుపెట్టారు. తాలీంకు పోయి కుస్తీ చూసి వచ్చి, భోజనం దగ్గర నాకు చెబుతారు. అడగకుండానే.

ఆయనకు చెప్పడం రాదు. ఇట్ల పట్టిండు, అట్ల పడ్డడు అంటారు. ఏ చేత్తో పట్టాడంటే తెలియదు. కాలు ఎక్కడుందంటే తెలియదు. నారయ్య ఎల్లాను ఎత్తి పడేశాడన్నారు. నారయ్య జన్మలో ఎవరినీ ఎత్తలేదు. కాళ్ళు చుట్టుంటాడు అన్నాను. లేదు, ఎత్తిండు అన్నారు. వాదించుకున్నాం. పప్పు చల్లారిపోయింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు.

9 మార్చి, సోమవారం

ఈ రోజు కూడా వాదన. సత్తార్ కుడి పక్కకు అడుగు వేశాడంటారు. ఎప్పుడూ ఎడమే.

ఆయన కంచం ముందునుంచి లేచారు. గొడ్డలి తీసుకుని మేడ ఎక్కారు. చప్పుడు. మొదటి చెక్క పెరట్లో పడింది. తర్వాత రెండోది. చివరికి మూడోది.

దిగివచ్చి, "నీ కుస్తీ నువ్వే సూసుకో, నాతోని గాదు," అన్నారు. చేతికి మేకు గీసుకుంది. పసుపు పెట్టి కట్టాను. కట్టేటప్పుడు ఇద్దరం నవ్వలేదు. ఎలా ఆపుకున్నామో తెలియదు.

21 జూన్ 1942, ఆదివారం

మగవాళ్ళంతా హయత్‌నగర్ దంగల్‌కు పోయారు. మొదటి వాన పడి వెలిసింది. తాలీం తలుపుకు గొళ్ళెమే ఉంది, తాళం లేదు.

జమాల్ బీ, నేను లోపలికి పోయి కొంగులు బిగించాం. జమాల్ బీ తడిమట్టి తీసి నా మెడకు రాసింది, నేను ఆమె మెడకు. చేయి వేశాను. ఎలా వేయాలో ఎప్పటినుంచో తెలుసు. మనిషి మెడ అంత వేడిగా ఉంటుందని తెలియదు. తట్టాను. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే నా కాలు లాగేసింది.

వెల్లకిలా పడ్డాను. మబ్బులు కోహెడ దిక్కు పోతున్నాయి.

"లే అక్కా," అంది.

లేచాను.